తమ్ముడి మంచం ఎదురుగా బ్రేకక్క పరుగు

ఆమెకు అసలు పేరు ఒకటి ఉందన్న సంగతి డ్రైవింగ్ స్కూల్లో ఎవరికీ పట్టలేదు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళంతా బ్రేకక్క అనే పిలిచేవాళ్ళు. నేర్పే కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆమె కాలు ఎప్పుడూ దాని మీదే. ఎదురుగా ఏమీ లేకపోయినా, నడిపేవాడి మొహంలో కాస్త ధీమా కనిపిస్తే చాలు, టక్కున తొక్కేసేది. వాడి నుదురు స్టీరింగుకు తగలబోయి ఆగేది. "ధీమా ఎక్కువైంది, దించుకో" అనేది. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళు చాలామంది బాగానే నడిపేవాళ్ళు గానీ, ఒక్కరూ ఆమెను తలుచుకుని నవ్వేవాళ్ళు కాదు.

నలభై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. స్కూలు పైన మేడ మీద ఒకే ఒక్క గదిలో ఉండేది. పొద్దున కారెక్కితే సాయంత్రం దాకా సీట్లోనే. ఒకరు దిగి ఇంకొకరు ఎక్కేలోపు ముందు అరలోంచి క్రీము బన్ను తీసి రెండు కొరుకుల్లో ముగించేది. ఏళ్ళ తరబడి అలా కూర్చుని కూర్చుని ఒళ్ళు సీటు ఆకారంలోకి వచ్చేసింది. ఆ మాట ఇంకెవరైనా అంటే ఊరుకునేది కాదు. తను మాత్రం అద్దంలో చూసుకుని అంతకంటే ఘోరంగా తిట్టుకునేది.

ఆమెకు ఒక తమ్ముడున్నాడు. అదే ఊళ్ళో, బస్సులు తిరిగే పెద్ద రోడ్డు మీద టైర్ల షాపు. ఇద్దరికీ మాటలు లేక పదేళ్ళు దాటింది. ఆ షాపు ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే కారును పక్క సందులోకి తిప్పించేది. ఇరుకు సందుల్లో నడపడం ఆమె శిష్యులకు బాగా వచ్చేది. ఎందుకలా తిప్పిస్తోందో మాత్రం వాళ్ళకు తెలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం పాఠానికి రావాల్సిన మనిషి రాలేదు. ఆ సమయానికి డ్రైవరు వైపు తలుపు తీసుకుని ఒకావిడ వచ్చి కూర్చుంది. తల తిప్పి చూస్తే తమ్ముడి భార్య.

"ఇది నేర్చుకునేవాళ్ళ సీటు. దిగు" అంది బ్రేకక్క.

మరదలు దిగలేదు. రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తూ, "ఆయన లివర్ పాడైపోయింది వదినా. మార్చాలట" అంది.

తర్వాత మిగతాదంతా ఒక్క ఊపిరిలో చెప్పింది. తాగుడు వల్ల కాదట. ఎప్పుడో పట్టిన కామెర్లు పైకి తగ్గినట్టే తగ్గి లోపల లోపల తినేశాయట. దగ్గరివాళ్ళు ఎవరైనా తమ కాలేయంలో ముక్క ఇస్తే బతుకుతాడట. తనది పనికిరాలేదట. ఇంకెవరూ లేరట. బ్రేకక్క అంతా విని, వాడే పంపించాడా అని ఒక్క ప్రశ్న వేసింది. తను వస్తున్నట్టు తెలిస్తే తలుపుకు గడియ పెట్టేవాడని మరదలు చెప్పింది.

ఆగి ఉన్న కారులో బ్రేకు గట్టిగా తొక్కిపట్టి బ్రేకక్క చాలాసేపు అలాగే కూర్చుంది.

ఆ పగ సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. వాళ్ళ నాన్నకు సరుకులు చేరవేసే ఒక వ్యాను ఉండేది. దాని మీద ఆమె చాలా చిన్న వయసులోనే నడపడం నేర్చుకుంది. ఊళ్ళో సిటీ బస్సుల వాళ్ళు మొదటిసారి ఆడవాళ్ళను డ్రైవర్లుగా తీసుకుంటామంటే వెళ్ళి పరీక్ష నెగ్గింది. పనిలో చేరమని ఉత్తర్వు కూడా వచ్చింది. ఆ వారంలోనే తమ్ముడు సరదాకని వ్యాను తీశాడు. వాడికి లైసెన్సు లేదు. వద్దంటే వినకపోతే, కనీసం పక్కనుంటే నయమని ఆమె కూడా ఎక్కింది. మార్కెట్ మలుపులో వాడు ఒక సైకిలు మనిషిని గుద్దాడు. ఆ మనిషి కాలు విరిగింది. జనం పోగయ్యేలోపు వాడు దూకి బండి చుట్టూ తిరిగి అవతలి వైపుకు వచ్చి, "మా అక్క నడిపింది" అన్నాడు.

పోలీస్ స్టేషన్లో వాళ్ళమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. వాడికి లైసెన్సు లేదు, లోపలేస్తారు, నీకుంది కాబట్టి చిన్నదానితో పోతుంది, ఒప్పుకోమని ఏడ్చింది. ఆమె ఒప్పుకుంది. లైసెన్సు కొంతకాలం ఆపేశారు. మనిషిని గుద్దిన డ్రైవరు తమకు వద్దని బస్సుల వాళ్ళు ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారు. బస్సు నడపాల్సిన మనిషి ఆ తర్వాత బతుకంతా పక్క సీట్లో కూర్చోవాల్సి వచ్చింది.

అంతవరకైతే ఎలాగో మింగేదేమో. తమ్ముడు తన పెళ్ళిలో అత్తవారి వైపు వాళ్ళను కూర్చోబెట్టుకుని, "మా అక్క కారెక్కేముందు ఆలోచించుకోండి, ఒకాయన కాలు తీసేసింది" అని కథ చెప్పి నవ్వించాడు. ఆమె తింటున్న కంచం ముందు నుంచి లేచి, ఎవరు నడిపారో చెప్పమంది. వాడు అందరి వైపూ చూసి, "చూశారా, ఇంకా ఒప్పుకోదు" అన్నాడు. అప్పుడు ఆమెకు ఒళ్ళు మండింది దానికి కాదు. ఆ మాట అంటున్నప్పుడు వాడి మొహంలో అబద్ధం చెబుతున్న జాడే లేదు, అందుకు. ఆ రోజు చెయ్యి కడుక్కుని వచ్చేసింది, మళ్ళీ వాడి గడప తొక్కలేదు.

మరదలితో పరీక్షలకు వెళ్ళడానికి ఆమె ఎందుకు ఒప్పుకుందంటే, ఎలాగూ సరిపోదులే అనుకుంది. తీరా చూస్తే రక్తం సరిపోయింది. సరిపోనిది ఒక్కటే. ఆమె కాలేయానికి కొవ్వు పట్టిందని డాక్టరు తెర మీద బొమ్మ చూపించాడు. అలా ఉన్నదాన్ని కోసి పెడితే రోగికీ పనికిరాదు, ఇచ్చినవాళ్ళకూ ప్రమాదం. రెండు నెలల్లో కరిగించుకుంటే చూద్దామన్నాడు. తిండి తగ్గించాలి, ట్రెడ్‌మిల్ మీద మొదట నడవాలి, తర్వాత పరుగెత్తాలి, రోజుకు ఇన్ని కేలరీలు ఖర్చు చేయాలి అని ఒక లెక్క చెప్పాడు.

జిమ్ముకు వెళ్ళనంది ఆమె. తన శిష్యులు సగం మంది అక్కడే ఉంటారు. మేడ మీద గదిలో మిషను పట్టదు. మరదలు నసుగుతూ అసలు సంగతి బయటపెట్టింది. విషయం తెలిశాక కూడా ఆయనకు నమ్మకం లేదట. అక్క పరుగెత్తానని చెప్పి పడుకుంటుందని, కావాలనే ఆలస్యం చేస్తుందని అంటున్నాడట.

"అలాగా" అంది బ్రేకక్క. "అయితే దాన్ని వాడి మంచం ఎదురుగానే వేయించు."

అలాగే వేయించారు. తమ్ముడి ఇంటి ముందుగదిలో కిటికీ పక్కన మంచం, మంచానికి ఎదురుగా ట్రెడ్‌మిల్. వచ్చిన మొదటి సాయంత్రం ఆమె వాడిని చూసి గుమ్మంలోనే ఒక్క క్షణం ఆగింది. కళ్ళు పసుపుముద్దలు. చేతులు పుల్లలు, పొట్ట మాత్రం ఉబ్బింది. ఆ జబ్బుకు ఒళ్ళంతా దురదట, దువ్వెనతో మోచేతులు గీక్కుంటున్నాడు. ఆమె చెప్పులు విప్పి బూట్లు వేసుకుని మిషను ఎక్కింది. వాడు కాసేపు చూసి, "దాని హ్యాండిల్ పట్టుకుని వేలాడితే కేలరీలు కరగవు. చేతులు వదులు" అన్నాడు.

పదేళ్ళ తర్వాత వాడు ఆమెతో అన్న మొదటి మాట అదే.

ఆ మిషను మీద ఎర్రంకెలు కనిపిస్తాయి. నడిచిన దూరం, వేగం, ఖర్చయిన కేలరీలు. మొదటి వారం ఆమె నడిస్తేనే ఊపిరి ఆడేది కాదు. తొడలు ఒరుసుకుపోయేవి, మోకాళ్ళు పట్టేసేవి, చెమట కళ్ళలోకి కారేది. అంకె మాత్రం కదిలినట్టే ఉండేది కాదు. దిగేసరికి వాడు మంచం మీద నుంచి మెడ సాచి చూసి, "ఇంతేనా? ఒక్క బన్ను కూడా అరగలేదు" అనేవాడు. ఆమె బన్నులు తింటుందని వాడికి ఎవరు చెప్పారో తెలియదు. మర్నాడు ఆమె ఆ అంకెల మీద తువ్వాలు కప్పింది. వాడు భార్యను పిలిచి తువ్వాలు తీయించాడు. ఆమె మళ్ళీ కప్పింది. చివరికి మరదలు ఆ తువ్వాలును తీసుకెళ్ళి ఉతకడానికి నానబెట్టేసింది.

మరదలు కూడా తక్కువది కాదు. ఉడికించిన కూరముక్కలు, గుడ్డులో తెల్లసొన, చప్పటి చారు తెచ్చి ముందు పెట్టి, అయ్యేదాకా ఎదురుగా నిలబడేది. నీళ్ళు ఎన్ని తాగిందో చూసేది. బయట ఏమైనా తిన్నారా అని రోజూ అడిగేది. ఒక రోజు బ్రేకక్క చెంచా కింద పడేసింది.

"నువ్వు నన్ను చూస్తున్నావా, నా లివర్‌ని చూస్తున్నావా?"

"లివర్‌నే వదినా" అంది మరదలు, చెంచా తీసి కడిగి మళ్ళీ చేతిలో పెడుతూ.

ఆ మాట బ్రేకక్కకు ఎందుకో నచ్చింది. ఆ ఇంట్లో అబద్ధం ఆడని మనిషి ఒకరున్నారనుకుంది. ఆ రోజు కంచం ఖాళీ చేసింది.

ఆమె నడక మెల్లగా పరుగైంది. పరుగంటే చూడముచ్చటగా ఏమీ ఉండేది కాదు. దబదబమని అడుగులు పడేవి, కిటికీ అద్దాలు అదిరేవి, మంచం పక్కన స్టూలు మీద మందు సీసాలు ఒకదానికొకటి తగిలి మోగేవి. ఆ మోతకు తమ్ముడికి తల పగిలిపోయేది. కానీ ఆపమనడానికి నోరు రాదు. మోత ఉంటే తలనొప్పి, మోత ఆగితే భయం. అందుకని ఆపమనే బదులు తిట్టేవాడు. ఏనుగు పిల్ల నయం అనేవాడు. బెల్టు తెగితే దానికి డబ్బు నేనే కట్టాలా అనేవాడు. ఆమె వెనక్కి తిరగకుండానే జవాబిచ్చేది. గీక్కోవడం ఆపు, చర్మం ఊడి మంచం నిండా రాలుతోంది అనేది. నీ షాపులో పాత టైరుకు కూడా నీకంటే ఎక్కువ గాలి ఉంది అనేది.

వాడు ఎంత ఘాటుగా అంటే ఆ రోజు అంకె అంత పైకి వెళ్ళేదని ఆమె గమనించింది. కోపం కూడా కొవ్వును కరిగిస్తుందని డాక్టరు చెప్పలేదు గానీ, ఆమెకు వేరే ఇంధనమేదీ అక్కర్లేకపోయింది. ఎక్కగానే మార్కెట్ మలుపు తలుచుకునేది. సైకిలు గుర్తొచ్చేది, బండి చుట్టూ తిరిగొచ్చిన వాడి మొహం గుర్తొచ్చేది. కాళ్ళు వాటంతట అవే లేచేవి.

ఒక సాయంత్రం వాడికి నొప్పి ఎక్కువగా ఉంది. నోటికి అడ్డూ అదుపూ లేకుండా పోయింది. ఆమె వేగం పెంచుతుంటే, "చూసి నడుపు. దీంతోనైనా ఎవరినీ గుద్దకు" అన్నాడు.

ఆమె బటన్ మీద వేలు పెట్టి నొక్కుతూనే ఉంది. బెల్టు ఆమెకంటే వేగంగా పారిపోయింది. కాలు తడబడి బోర్లా పడింది, బెల్టు ఆమెను ఈడ్చి నేల మీద పడేసింది. రెండు మోకాళ్ళూ గీసుకుపోయాయి. వాడు గబుక్కున లేవబోయాడు. లేవడానికి వాడిలో ఏముంది, మంచం మీద నుంచి జారి వాడూ నేల మీద పడ్డాడు. మరదలు వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చేసరికి అక్క ఒక పక్క, తమ్ముడు ఒక పక్క నేల మీద పడి ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. మిషను మాత్రం పైన ఎవరూ లేకుండా తిరుగుతోంది.

మరదలు ముందు దాన్ని ఆపింది. తర్వాత మొగుణ్ణి లేపింది. బ్రేకక్కకు చెయ్యి ఇవ్వబోతే ఆమె విదిలించుకుని తనే లేచింది. మోకాళ్ళకు గుడ్డ కట్టుకుని మళ్ళీ ఎక్కింది.

రెండు నెలలు గడిచాక మళ్ళీ స్కానింగు తీశారు. డాక్టరు బొమ్మలను పక్కపక్కన పెట్టి చూసి, ఇంతగా తగ్గుతుందనుకోలేదన్నాడు. ఆమె చుడీదార్లు వదులై వేలాడుతున్నాయి. చెంపలు లోపలికి పోయాయి. కారులో సీటును ముందుకు జరుపుకోవాల్సి వచ్చింది.

ఆపరేషన్‌కు ముందు, ఇచ్చేవాళ్ళతో విడిగా మాట్లాడే ఒకావిడ ఆమెను చిన్న గదిలోకి పిలిచి తలుపు వేసింది. మెత్తటి గొంతు. ఎవరైనా బలవంతం చేస్తున్నారా అని అడిగింది. ఈ ఆపరేషన్‌లో ఇచ్చేవాళ్ళ ప్రాణానికి కూడా కొంత ప్రమాదం ఉందని దాచకుండా చెప్పింది. చివరికి ఇలా అంది. "మీకు మనసులో వద్దని ఉంటే నాతో చెప్పండి చాలు. పరీక్షల్లో సరిపోలేదని ఇంట్లోవాళ్ళకు మేమే చెబుతాం. అసలు కారణం ఎవరికీ తెలియదు. మిమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనరు."

బ్రేకక్క తరఫున అబద్ధం చెబుతామని బతుకులో మొదటిసారి ఒకరు ముందుకొచ్చారు. తనేమీ చేయనక్కర్లేదు. ఒక్కసారి తల అడ్డంగా ఊపితే వాడు వాడి దారిన పోతాడు. పైగా పాపం అక్క, అంత పరుగెత్తినా సరిపోలేదని జనం తననే జాలిగా చూస్తారు. అది తలుచుకుంటే నోరూరిన మాట నిజం. కాసేపు టైము కావాలని చెప్పి లేచి, నేరుగా తమ్ముడి ఇంటికి వెళ్ళింది.

వాడు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మరదలు మందులు సర్దుతోంది. బ్రేకక్క మిషను ఎక్కలేదు. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నేను వద్దంటే, సరిపోలేదని వాళ్ళే నీకు చెప్తారట. నాకా అవసరం లేదు. వద్దంటే వద్దని నీ మొహం మీదే చెప్తాను. ముందు నువ్వొకటి చెప్పు. ఆ రోజు బండి ఎవరు నడిపారు?"

వాడు దువ్వెన పక్కన పెట్టాడు. ఎప్పుడూ అనే మాటే అంటాడనుకుంది. వాడు ముందు భార్య వైపు చూశాడు, తర్వాత కిటికీ వైపు. పసుపు కళ్ళలో ఏదో రగిలింది.

"నేనే నడిపాను" అన్నాడు. "అయితే ఏంటి? ఇప్పుడు చెప్తే నీకు బస్సిస్తారా? నిన్ను ఒప్పుకోమని అమ్మ అడిగింది, నేనడగలేదు. నువ్వు ఒప్పుకున్నావ్. ఒప్పుకుని జన్మంతా నా నెత్తి మీద కూర్చున్నావ్. నేనేం చేసినా, షాపు పెట్టినా, పెళ్ళి చేసుకున్నా, నీ దయ వల్లే అన్నట్టు చూసేదానివి. ఆ చూపు పడలేక నువ్వే నడిపావని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకుని చెప్పుకుని నమ్మేశాను కూడా. ఇప్పుడు మళ్ళీ ఇస్తావ్. మళ్ళీ ఎక్కి కూర్చుంటావ్. అందుకే నాకు నీది తీసుకోవాలని లేదు."

మరదలు చేతిలో మందు సీసా అలాగే ఉండిపోయింది. ఆమె పెళ్ళయినప్పటి నుంచీ వదినే నడిపిందన్న కథనే విన్న మనిషి.

బ్రేకక్క లేచి నిలబడింది. వినాలనుకున్న మాట విన్నది. క్షమాపణ దాంట్లో ఎక్కడా లేదు. విన్నాక మనసు తేలికపడుతుందని ఇన్నేళ్ళూ అనుకుంది, అదీ జరగలేదు. పైగా, అలా చూసేదాన్నా అని ఒక్క క్షణం ఆలోచిస్తే, చూసేదాన్నే అనిపించింది. దాంతో కోపం ఇంకా పెరిగింది.

"కూర్చుంటాను" అంది. "నెత్తి మీదే కూర్చుంటాను. కూర్చోవాలంటే నువ్వు బతికుండాలిగా. రేపటి నుంచి నువ్వు తిట్టకపోయినా పరుగెత్తుతాను, తేదీ చెప్పమను వాళ్ళను."

ఆపరేషన్ జరిగింది. పొద్దున మొదలై సాయంత్రం దాకా నడిచింది. ఆమెను ఒక గదిలో, వాడిని పక్క గదిలో పడుకోబెట్టి, ఆమెలోంచి తీసిన ముక్కను గోడ అవతలికి తీసుకెళ్ళారు. మెలకువ వచ్చాక పొట్ట మీద బరువుగా కట్టు తగిలింది. నర్సును మొదట అడిగింది తన సంగతి కాదు. "వాడు తిడుతున్నాడా?" అంది. నర్సుకు అర్థం కాలేదు. ఇంకా స్పృహ రాలేదని చెప్పింది. మర్నాడు మాత్రం పక్క గదిలోంచి నీళ్ళు ఇవ్వడం లేదని ఎవరో గొణుగుతున్న చప్పుడు వినిపించింది. బ్రేకక్క కళ్ళు మూసుకుని నిద్రపోయింది.

వాడికి ఒకసారి జ్వరం తిరగబెట్టి అందరినీ భయపెట్టింది గానీ, కోలుకున్నాడు. కళ్ళు తెల్లబడ్డాయి. దురద పోయింది. ఆమె కూడా కొన్ని నెలలకు మళ్ళీ డ్రైవింగ్ స్కూలుకు వెళ్ళింది. మొదట్లో అరిస్తే కుట్లు లాగేవి, అందుకని మెల్లగా మాట్లాడేది. ఆ మెల్లటి గొంతుకు శిష్యులు ఇంకా ఎక్కువ వణికేవాళ్ళు. ఒళ్ళు కాస్త తిరిగొచ్చింది, అంతా రాలేదు.

ఎవరు నడిపారన్న సంగతి తమ్ముడు ఎవరికీ చెప్పలేదు. చెప్పింది మరదలు. పుట్టింటివాళ్ళకు, పక్కింటివాళ్ళకు, షాపులో పనిచేసేవాళ్ళకు, అడిగినా అడగకపోయినా చెప్పింది. ఆ కోపంతో వాడు భార్యతో వారం రోజులు మాట్లాడలేదు. ఆ వారం అక్కకు రోజూ ఫోన్ చేసి, నీ వల్లే నా ఇల్లు ఇలా తయారైందని గొడవపడ్డాడు. ఆమె కూడా తీరిగ్గా కూర్చుని బదులు తిట్టింది. వారం గడిచినా ఆ ఫోన్లు ఆగలేదు. మందులు వేసుకున్నావా అని ఆమె గద్దిస్తుంది, నీకెందుకని వాడు పెట్టేస్తాడు, మళ్ళీ వాడే చేసి ఇంకో నాలుగు మాటలు అంటాడు.

ఒక ఆదివారం మరదలు మేడ మీద గదికి వచ్చి కూర్చుని, టీ తాగుతూ నిట్టూర్చింది.

"మీ ఇద్దరికీ మాటల్లేనప్పుడే ఇల్లు ప్రశాంతంగా ఉండేది వదినా" అంది.